పచ్చచీర పేలిక

"నానే సంపేసినాను తల్లీ. ఇంకేటి అడుగుతావు?"

లక్ష్మణమ్మ ఆ మాట అనడం అది మొదటిసారి కాదు. మంగళవారం సాయంత్రం మొగుడి శవాన్ని చూసినప్పటి నుంచీ ఊరందరికీ అదే చెబుతోంది. పోలీసులకీ చెప్పింది. పరామర్శకొచ్చిన చుట్టాలకీ చెప్పింది. అడగనివాళ్లకి కూడా పిలిచి మరీ చెబుతోంది. ఆ మాటే ఆమె కొంప ముంచుతోందని ఎదురుగా కూర్చున్న డిటెక్టివ్ సుహాసినికి తెలుసు. పక్కన మోకాళ్లలో తల పెట్టుకున్న కూతురు రేఖకీ తెలుసు. లక్ష్మణమ్మకి మాత్రం అదేమీ పట్టలేదు.

రేఖ విజయనగరంలో బట్టల కొట్టులో పని చేస్తుంది. నిన్న పొద్దున్న సుహాసిని ఆఫీసు మెట్ల మీద కూలబడి, "నాన్న ఎలాగూ పోయాడు మేడమ్, అమ్మనైనా మిగల్చండి" అని ఏడ్చింది. ఆ ఏడుపు విని కాదనడం సుహాసిని వల్ల కాలేదు. తీరా వచ్చి చూస్తే ఇక్కడ మిగలాల్సిన మనిషికే మిగలాలని లేదు.

తోట గట్టు మీద జీపుకి ఆనుకుని సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నరసింగరావు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. సాయంత్రంలోగా లక్ష్మణమ్మని కోర్టులో హాజరుపరిచి రిమాండుకి పంపాలని అతని తొందర. సుహాసిని ఒకప్పుడు అతని కిందే క్లూస్ టీములో పని చేసింది. అతనితో పడక ఉద్యోగం మానేసింది. ఈ పొద్దు ఆమెని తోటలోకి రానిచ్చాడంటే అది మంచితనం కాదు. ఆమె ఉత్త చేతులతో తిరిగి వెళ్తుంటే చూడాలన్న ముచ్చట.

కేసు పైకి చాలా తేలికగా ఉంది. నౌపడకీ భావనపాడుకీ మధ్యనున్న ఈ జీడితోటకి కూర్మయ్య కాపలాదారు. జ్వరంతో మధ్యాహ్నం మోటారు షెడ్డులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. మంచం పక్కన తుప్పలు కొట్టే పెట్రోలు మిషను ఉంది. పోస్టుమార్టం చేసిన డాక్టరు ఇంజను పొగలోని విషవాయువు ఒంట్లోకి పోయి చచ్చిపోయాడని రాశాడు. కిటికీ మూసి ఉంది. తలుపుకి బయట గొళ్లెం పెట్టి ఉంది. ఆ గొళ్లెం పెట్టింది భార్య. ఆ పొద్దున్నే మొగుడూ పెళ్లాలు గొంతులు చించుకుని దెబ్బలాడుకోవడం దారిన పోయేవాళ్లంతా విన్నారు.

"దెబ్బలాట దేనికి వచ్చింది?" సుహాసిని అడిగింది.

"జొరంతో ఉన్నోడు ముసురులో తడుసుకుంటా తోటంతా తిరిగితే తిట్టనేటి? తిట్టినాను. మంచమెక్కి దుప్పటి కప్పుకునేదాకా తిట్టినాను. ఆకరి మాటలు అయ్యే."

"గొళ్లెం ఎందుకు పెట్టావు?"

"రోజూ పెడతాను తల్లీ. సముద్రం గాలికి తలుపు టపటపా కొట్టుకుంటాది, మావకి నిద్దరట్టదు. లోపల గడియ ఉప్పుగాలికి తుప్పట్టి ఊడిపోనాది. అందుకే బయట గొళ్లెం ఎట్టి ఎల్తాను. లెగిసినాక కేకేస్తాడు, తీస్తాను. ఎన్నేళ్లనుంచో అదే అలవాటు."

"పెట్టి ఎక్కడికి వెళ్లావు?"

"వాన దిగీసినాది గదా. ఉప్పు కళ్లాల కాడ కేకలు. రాశులు కరిగిపోతాయని ఊరూరంతా తాటాకులు కప్పడానికి పరిగెట్టినాము. ముసిలోళ్లు కూడా వొచ్చినారు. మా తమ్ముడొక్కడే వానకి ఆటోతో రైలు టేసను కాడ సిక్కుబడిపోనాడు."

"అయితే ఆ మధ్యాహ్నం తోటలో మనిషన్నవాడు లేడు."

"ఎవుడూ నేడు. నానుంటే ఆయన కేక వినబడీది." ఆమె షెడ్డు తలుపు వైపు చూసింది. "గొళ్లెం కాడికొచ్చి ఎంత కొట్టుకున్నాడో. నాను ఉప్పుకి ఆకు కప్పుతన్నాను. మనిసిని వొగ్గేసి ఉప్పుని కాపాడినాను."

 ఈ మనిషి నేరం చెయ్యలేదని రుజువు చెయ్యడం ఒక ఎత్తు. ఆమె చేత ఆ మాట నమ్మించడం ఇంకో ఎత్తు. రెండోదే కష్టమనిపించింది.

అప్పుడే లక్ష్మణమ్మ తమ్ముడు త్రినాథ్ టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. భుజం మీంచి వేసుకున్న తువ్వాలు కుడిచేతిని మణికట్టు కిందిదాకా కప్పేసింది. ఎడంచేత్తో గ్లాసు అందిస్తూ నొచ్చుకున్నాడు.

"ఎడం సెయ్యని ఏటీ అనుకోకండి మేడమ్. ఆటో హేండిలు ఎదురుతన్నినాది. సెయ్యి బెనికిపోనాది."

"పర్లేదులే," అని సుహాసిని గ్లాసు అందుకుంది.

"మా అక్క మాటలు పట్టించుకోకండి. మతి పోయి అంటన్నాది. బావదే పొరపాటు. ఆ మిషనంటే పేనం ఆయనకి. లోపలెట్టే ముందు పెట్రోలు అయిపోయేదాకా నడిపీడం అలవాటు. వానని బయటికి తేలేక లోపలే నడిపుంటాడు."

"ఆడు లేకపోతే నా బతుకు ఏటయ్యీదో," అంది లక్ష్మణమ్మ కళ్లు తుడుచుకుంటూ. "సోమారం మావని డాట్రు కాడికి ఆటోలో తీసుకెల్లినాడు. మాత్తర్లు ఆడే తెచ్చినాడు. మంగళారం కూడు తిన్నాక దగ్గరుండి మింగించి, అప్పుడెల్లినాడు టేసనుకి."

త్రినాథ్ తల వంచుకుని ఖాళీ గ్లాసులు ఏరుకుంటూ ఆటో వైపు నడిచాడు.

సుహాసిని మనసులో ఇంకో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది. వేసవిలో కల్తీ సారా తాగి భావనపాడు జాలరులు ఇద్దరు చచ్చిపోయారు. ఆ సారా డ్రమ్ములు కొన్నాళ్లు ఈ తోటలోనే దాచారట. దింపినవాణ్ణి తాను చూశానని, ఈ వారం కోర్టులో చెప్పేస్తానని కూర్మయ్య కూతురికి ఫోనులో చెప్పాడు. ఎవరు నాన్నా అని రేఖ అడిగితే, "ముందు మీ అమ్మకి సెప్పాల. తట్టుకుంటాదో లేదో" అన్నాడు. అమ్మ ఎందుకు తట్టుకోలేదో అప్పుడు రేఖకి అర్థం కాలేదు. సుహాసినికీ ఇంకా అర్థం కాలేదు.

"లక్ష్మణమ్మా, మిషను చివరిసారి ఎప్పుడు వాడాడు?"

"ఆదోరం. తోటలో తుప్పలు కొట్టడం అయిపోనాది. ఇంక పైయేడే దాంతో పని."

"అంటే ఆదివారమే లోపల పెట్టేశాడా?"

"పెట్టీసినాడు. నానూ సాయం సేసినాను." మొదటిసారి ఆమె కళ్లలో కొంచెం ప్రాణం కదిలింది. "సంటిపిల్లకి నీల్లోసినట్టు సేస్తాడు తల్లీ దానికి. టేంకులో మిగిలింది డబ్బాలోకి వొంపీసి, జీడిసెట్టు కింద ఎట్టి, లోపలున్న సుక్క కూడా అయిపోయి అదే ఆగిపోయేదాకా నడిపినాడు. సల్లారినాక ఇంజను గాలి పీల్చే జల్లెడ సబ్బునీల్లతో కడిగి ఆరేసినాడు. ఉప్పుగాలికి తుప్పట్టకుండా బ్లేడుకి గ్రీజు రాసి గోనె సుట్టినాడు. పెట్రోలు డబ్బా సెడ్డులో ఎప్పుడూ ఎట్టడు. బయట గోడకి రేకు పెట్టె ఉన్నాది, దాన్లో ఎట్టి తాళమేస్తాడు. తాళంసెవి మొలతాడుకుంటాది."

"ఇంకేం చేశాడు?"

"ఏటున్నాది? మేకుకి ఏలాడదీసినాడు."

"బాగా గుర్తు తెచ్చుకో. మేకుకి తగిలించే ముందు."

లక్ష్మణమ్మ ఆలోచించింది. "ఆఁ, పేలిక అడిగినాడు. సైలెన్సరు బెజ్జంలో కుక్కడానికి. ఒకేడు కుమ్మరిపురుగు దాన్లో మట్టిగూడు కట్టీసి మిషను పాడైపోనాది. ఆ ఏడంతా కత్తితో తుప్పలు కొట్టి సేతులు బొబ్బలెక్కినాయి మావకి. అప్పట్నుంచీ బెజ్జం మూయకుండా లోపలెట్టడు. మల్లీ బయటికి తీసిన్నాడు ముందు ఆ పేలికే లాగుతాడు."

సుహాసిని టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచింది.

"సార్, షెడ్డు తెరిపించండి. కూర్మయ్య మొలతాడు తాళంచెవి మీ దగ్గరే ఉంటుంది, అదీ తెప్పించండి."

నరసింగరావు నవ్వాడు. "మూడు రోజుల నుంచి నా మనుషులు చూడనిది నువ్వు చూస్తావా, సుహాసినీ?"

"మీ మనుషులు చూశారు సార్. మీరు కూడా చూస్తే బాగుంటుందని."

అతని నవ్వు ఆగిపోయింది. అయినా కానిస్టేబులుకి సైగ చేశాడు. సాక్షులుగా ఇద్దరు రైతుల్ని పిలిచి సీలు తీయించాడు.

షెడ్డులో చీకటిగా ఉంది. చచ్చిన మనిషి దుప్పటి ఇంకా మంచం మీదే ఉంది. మెత్త మీద తల ఆనిన గుంట కూడా అలాగే ఉంది.  ఎన్ని చావులు చూసినా ఆ గుంటలు మాత్రం సుహాసినికి అలవాటు కాలేదు.

మిషను మంచం తలవైపు నేల మీద ఉంది. బ్లేడుకి గోనె చుట్టినది చుట్టినట్టే ఉంది.

"సార్, ఇతను ఏం చేస్తూ చచ్చిపోయాడని మీ వాదన?"

"అందరికీ తెలిసిందే. మిషను లోపల పెట్టే ముందు టాంకు ఖాళీ అయ్యేదాకా నడిపాడు. ఆ సంగతి తెలిసిన పెళ్లాం బయట గొళ్లెం పెట్టింది."

"టాంకు ఖాళీ అయిందా?"

"ఇంజను ఆగిపోయిందంటే అయినట్టే కదా."

"మూత తీసి చూశారా?"

నరసింగరావు కానిస్టేబులు వైపు చూశాడు. కానిస్టేబులు నేల చూశాడు.

సుహాసిని చేతులకి తొడుగులు వేసుకుని మూత తిప్పింది. టార్చి వెలుగులో టాంకు సగానికి పైగా పెట్రోలు తళతళలాడింది. స్టార్టు చేసే తాడు పట్టుకుని లాగింది. అది అంగుళం కూడా కదల్లేదు.

"ఇంజను పట్టేసింది సార్. పెట్రోలు ఉండగానే ఆగిపోయింది. ఎందుకో చూద్దాం."

ఆమె తన సంచిలోంచి పాత పేపరు తీసి రెండు ముక్కలు చేసింది. ఒక ముక్క మీద టాంకులోంచి ఒక చుక్క వేసింది. కానిస్టేబులు మొలతాడు తాళంచెవితో బయట రేకు పెట్టె తెరిచి డబ్బా తెచ్చాడు. రెండో ముక్క మీద ఆ డబ్బాలోంచి చుక్క వేసింది. రెంటినీ కిటికీ రెక్క మీద ఆరబెట్టి అందర్నీ చూడమంది. కాసేపటికి డబ్బా చుక్క పడ్డచోట బజ్జీలు చుట్టిన కాగితంలాగ నూనె మరక మిగిలింది. టాంకు చుక్క పడ్డచోట ఏమీ లేదు.

"ఈ మిషనుకి పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. ఉత్త పెట్రోలు పోస్తే ఇంజను కాసేపు తిరిగి పట్టేస్తుంది. డబ్బాలో కలిపిన పెట్రోలు ఉంది, తాళంచెవి మొలతాడుకే ఉంది. ఏళ్ల తరబడి దీన్ని కంటికి రెప్పలా చూసుకున్నవాడు అది వదిలేసి ఎక్కణ్ణుంచో ఉత్త పెట్రోలు తెచ్చి పోస్తాడా?"

"జ్వరంలో ఉన్నాడు. మతి స్థిమితం లేక పోసి ఉంటాడు."

"ఉండొచ్చు. అయితే గోడ చూడండి."

మంచం తలవైపు సున్నం గోడ మీద, మెత్తకి జానెడు పైన, నల్లటి మసి గుండ్రంగా అంటుకుని ఉంది. సైలెన్సరు మొహం సరిగ్గా మెత్త వైపు పెట్టి నడిపితేగాని అక్కడ ఆ మసి పడదు. తను పీల్చే గాలిలోకే పొగ తిప్పుకుని దుప్పటి కప్పుకుని పడుకునే మనిషి ఎవడూ ఉండడు. ఆ మాట ఆమె గట్టిగా అనేసరికి సాక్షుల్లో ఒకాయన "అయ్యో, అయ్యో" అని చేత్తో నోరు మూసుకున్నాడు.

నరసింగరావు మొహం ఎర్రబడింది. "అయితే పెళ్లామే పెట్టింది. నీ తెలివి నా కేసునే బలపరుస్తోంది, తెలుస్తోందా?"

"తెలుస్తోంది సార్. అందుకే ఇంకొక్కటి వెతుకుతున్నాను."

ఆమె మిషను వేలాడదీసే మేకు కింద నిలబడింది. సైలెన్సరు బెజ్జం అక్కణ్ణుంచి ఎటు చూస్తుందో చేత్తో కొలుచుకుంది. ఎదురు మూలకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. ఎరువు బస్తాల సందులో చెయ్యి పెట్టి తడిమింది. ఆ చెయ్యి బయటికి వచ్చినప్పుడు వేళ్ల మధ్య ఉండచుట్టిన గుడ్డ పేలిక ఉంది. ఒక కొన మసితో, నూనెతో నల్లబడింది. రెండో కొన పచ్చగా ఉంది, పసుపు అంచుతో.

"కూర్మయ్య గానీ లక్ష్మణమ్మ గానీ అయితే ముందు దీన్ని లాగేవాళ్లు. మిషను మేకు మీదుండగానే తాడు లాగినవాడికి బెజ్జంలో గుడ్డ ఉందని తెలీదు. ఎంత లాగినా అంటుకోలేదు, ఒక్కసారి తన్నింది, గుడ్డ ఎగిరి ఆ మూలన పడింది. వాన చప్పుడులో వాడది గమనించలేదు. తర్వాత నడుస్తున్న మిషనుని మంచం దగ్గరికి మోశాడు. గొళ్లెం తీసినట్టే మళ్లీ పెట్టి వెళ్లిపోయాడు. అంత మోత పక్కనే అవుతున్నా కూర్మయ్య లేవలేదంటే అతను మింగింది జ్వరం మాత్రలు కావు. డాక్టర్ని మళ్లీ పరీక్ష చెయ్యమనండి."

అంటూనే ఆమె ఆగిపోయింది. నడుస్తున్న మిషనుని ఎక్కడ పట్టుకోవాలో తెలియనివాడు ఎక్కడ పట్టుకుంటాడు? వంగి సైలెన్సరు మీది ఇనుప జాలీ చూసింది. నల్లటి మసి మధ్యలో వేళ్లంత మేర ఏదో కమిలి అతుక్కుని ఉంది. చర్మం.

ఎడంచేత్తో అందించిన టీ గ్లాసు, ఉత్త పెట్రోలుతో నడిచే ఆటో ఆమెకి అప్పుడు గుర్తొచ్చాయి. తట్టుకుంటాదో లేదో అన్న కూర్మయ్య మాట కూడా అప్పుడే అర్థమైంది. తెలుసుకోవాలనే ఇంత దూరం వచ్చింది, తెలిశాక మాత్రం బయటికి వెళ్లి ఆ మాట చెప్పాలనిపించలేదు.

నరసింగరావు ముందు నడిచాడు. లక్ష్మణమ్మ అక్కడే కూర్చుని ఉంది. సుహాసిని ఆమె ముందు వంగి పేలిక చూపించింది.

"ఇది నీదేనా?"

"నాదే తల్లీ. నా పాత పచ్చచీర. ఆదోరం సింపి ఇచ్చినాను మావకి. ఇది నీకెక్కడ దొరికినాది?"

"బస్తాల వెనక. మిషను నడిపినవాడు దీన్ని తియ్యలేదు. వాడికి తెలీదు."

లక్ష్మణమ్మకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "మావైతే తీసీవోడు," అంది మెల్లిగా. "మావ తియ్యకుండా ఉండడు. అయితే... అయితే మావ నడపనేదా?"

"నడపలేదు. నువ్వు గొళ్లెం పెట్టి వెళ్లాక ఎవడో వచ్చాడు. మీ ఆయన లేచి తలుపు కొట్టుకోలేదు లక్ష్మణమ్మా. అసలు లేవనే లేదు."  అడగక తప్పని ప్రశ్న ఒకటి మిగిలింది. "మీ తమ్ముడి చెయ్యి బెణికిందట కదా?"

"బెనకడమేటి? కాలినాది. టీకొట్టు కాడ ఏడినీల్లు ఒలికినాయన్నాడు. అరిసెయ్యంతా పొక్కులెక్కిపోనాది. మావ ఇక్కడ వాకిట్లో పడున్నాడు, జనం మూగున్నారు, నాను లోపల కూకుని ఆడికి ఎన్న రాసి కట్టు..."

మాట అక్కడ ఆగింది. లక్ష్మణమ్మ సుహాసిని చేతిలోని పేలిక వైపు చూసింది. తర్వాత ఆటో దగ్గర నిలబడ్డ తమ్ముడి వైపు చూసింది. రేఖ "అమ్మా" అని పట్టుకోబోతే చెయ్యి విదిలించుకుని లేచింది.

త్రినాథ్ వెనక్కి ఒక అడుగు వేశాడు. కానిస్టేబులు అప్పటికే ఆటోకి అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, ఆల్ల మాటలు నమ్మకు. ఆవిడేదో..."

"సెయ్యి ఇలగియ్యిరా."

"అక్కా."

"ఇలగియ్యి."

చిన్నప్పటి నుంచీ ఆ గొంతుకి లొంగిన అలవాటు కాబోలు, త్రినాథ్ చెయ్యి చాపాడు. లక్ష్మణమ్మ తువ్వాలు పక్కకి తీసింది. తను వేసిన ముడిని తనే విప్పింది. ఒక్కో చుట్టూ ఊడి కింద పడింది. పచ్చగుడ్డ, పసుపు అంచు. అరచేతి మీద వెన్న ఎండి పొలుసు కట్టింది. దాని కింద ఇనుప జాలీ అచ్చు గళ్లుగళ్లుగా, వరసగా పడి ఉంది. వేడినీళ్లు ఒలికితే గళ్లు పడవు.

నరసింగరావు దగ్గరికి వచ్చాడు. సుహాసిని చేతిలోని పేలిక తీసుకుని, కింద పడ్డ కట్టు పక్కన పెట్టి అంచులు చూశాడు. వాచీ చూసుకోవడం మానేశాడు.

"నన్ను జైల్లో ఎట్టిస్తానన్నాడే బావ," అన్నాడు త్రినాథ్ ఏడుపు గొంతుతో. "డ్రమ్ములు నా ఆటోలో వొచ్చినాయంతే. అందులో ఏటున్నాదో నాకు తెల్దక్కా. ఎంత బతిమాలినా ఇన్నేదు బావ."

లక్ష్మణమ్మ ఆ మాటలు విన్నట్టు లేదు. తమ్ముడి అరచెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది. పొక్కు చితికి నీరు కారుతుంటే అలవాటు కొద్దీ కొంగు దగ్గరికి తీసుకెళ్లింది. సగంలో ఆగి ఆ చెయ్యి వదిలేసింది.

"మావని నాను సంపనేదు," అంది. మూడు రోజుల తర్వాత మొదటిసారి అంది. అని, మట్టిలో కూలబడి, అప్పటిదాకా ఏడవని ఏడుపంతా ఏడ్చింది.